మూడో నెలలో ఎకోస్ప్రిన్ 150 రాశారు, మా అత్తగారు వద్దంటున్నారు, ఎవరైనా వాడారా?

తొలిచూలు_గాజువాక · మంగళవారం రాత్రి 10:40
అందరికీ నమస్తే. ఇక్కడ చదవడమే గానీ రాయడం ఇదే మొదటిసారి. నాకు 29, తొలిచూలు, నిన్నటికి 12 వారాలు నిండాయి. ఎన్‌టీ స్కాన్ రిపోర్టు పట్టుకెళ్తే మేడమ్ అంతా బావుందన్నారు, బీపీ చూశారు, మీ అమ్మగారికి కడుపుతో ఉన్నప్పుడు బీపీ వచ్చిందా అని అడిగారు. వచ్చిందండి, నేను ఎనిమిదో నెలలోనే పుట్టేశాను అని చెప్పా. అంతే, ఎకోస్ప్రిన్ 150 రోజూ రాత్రి ఒకటి, 36 వారాల దాకా అని రాసేశారు. ఎందుకండీ అంటే ముందుజాగ్రత్త అన్నారు, బయట ఇంకా నలభై మంది కూర్చుని ఉన్నారు, ఇంకేం అడుగుతాను. ఇంటికొచ్చాక అసలు కథ మొదలైంది. మా సందు చివర మందుల షాపాయన మా అత్తగారితో "ఇది గుండెజబ్బోళ్ళు వేసుకునేదండి, రక్తం పల్చబడిపోద్ది" అన్నాడట. అప్పట్నుంచి ఆవిడ ఆ స్ట్రిప్పు తీసి ఫ్రిజ్ మీద పెట్టేశారు. మా ఆయన స్టీల్‌ప్లాంట్‌లో సి షిఫ్టు, ఆయన్నడిగితే మీరిద్దరూ తేల్చుకోండి అని నిద్రపోయారు. కడుపుతో ఉన్నప్పుడు ఇది వాడినవాళ్ళు ఉంటే కాస్త చెప్పండి ప్లీజ్.

ఎంవీపీ_ఇద్దరు_పిల్లల_తల్లి · రాత్రి 10:58
నేను వాడా రెండోదానికి, మొదటిదానికి బీపీ వచ్చిందని రాశారు. ఏం కాలేదు. కాస్త గ్యాస్ పట్టేది, అన్నం తిన్నాక వేసుకుంటే సరిపోయింది. ఫ్రిజ్ మీంచి తీసుకోండి ముందు.

కంచరపాలెం_బావ · రాత్రి 11:05
మా ఇంటావిడకి కూడా రాశారండి, వారం వేసుకుని మానేసింది, ఏం కాలేదు, బాబు మూడు కేజీలు. అన్నీ వ్యాపారం.

ఎంవీపీ_ఇద్దరు_పిల్లల_తల్లి · రాత్రి 11:09
హెల్మెట్ లేకుండా మద్దిలపాలెం దాకా వెళ్ళొచ్చాను ఏం కాలేదు అన్నట్టుంది బావగారూ.

పేపర్లు_చదివేవాడు · రాత్రి 11:47
డాక్టర్ని కాదు, ఫార్మకాలజీ పాఠం చెప్పుకునేవాణ్ణి, కాబట్టి మీరు వేసుకోండి మానేయండి అని చెప్పను, ఎందుకు రాశారో మటుకు చెప్తా, కాస్త పెద్దదవుతుంది ఓపిక పట్టండి.

ఎకోస్ప్రిన్ అంటే ఆస్పిరినే. ఆస్పిరిన్‌కీ గర్భంలో బీపీకీ సంబంధం ఉండొచ్చని 1979లో ఇద్దరు డాక్టర్లు లాన్సెట్ పత్రికకి చిన్న ఉత్తరం రాశారు, తరచూ ఆస్పిరిన్ వేసుకున్న గర్భిణులకి ప్రీఎక్లాంప్సియా, అంటే గర్భంలో బీపీ పెరిగి ఒళ్ళు దెబ్బతినే జబ్బు, తక్కువగా వస్తోంది అని. అక్కణ్ణుంచి చాలామంది పరీక్షించారు. 1994లో క్లాస్ప్ అనే పెద్ద ట్రయల్ వచ్చింది, 9,364 మంది, రోజుకి 60 ఎంజీ ఇచ్చారు, తీరా చూస్తే తేడా 12 శాతం, అదీ లెక్కల్లో గట్టిగా నిలబడలేదు. దాంతో అందరికీ ఉత్సాహం చచ్చిపోయింది. కానీ తర్వాత తవ్విచూస్తే రెండు విషయాలు అనుమానం వచ్చాయి, ఒకటి డోసు తక్కువైంది, రెండు మొదలుపెట్టింది ఆలస్యం.

ఎందుకు ఆలస్యం అంటే, మాయ గర్భసంచి గోడలోకి వేళ్ళు దింపుకునేటప్పుడు అక్కడి సన్నటి మెలికల రక్తనాళాలు వెడల్పు అవ్వాలి, పైపులు పెద్దవైతేనే బిడ్డకి ధారాళంగా రక్తం వెళ్తుంది. ఆ పని ముఖ్యంగా మొదటి సగంలోనే, 16 నుంచి 20 వారాల్లోపే జరిగిపోతుంది. అది సరిగ్గా జరక్కపోతే ఆ లోటు ఏడో నెలలోనో ఎనిమిదో నెలలోనో తల్లికి బీపీ, యూరిన్‌లో ప్రొటీన్ రూపంలో బయటపడుతుంది. జబ్బు కనపడేది చివర్లో, బీజం పడేది మొదట్లో. అందుకే మీకు బీపీ లేకపోయినా 12 వారాలకే రాశారు.

2017లో ఆస్ప్రే అనే ట్రయల్ వచ్చింది, లండన్ కింగ్స్ కాలేజీ హాస్పిటల్‌లో నికొలైడిస్ గారి బృందం నడిపింది, ఆరు దేశాల్లో 13 ఆసుపత్రులు. దాదాపు 27 వేల మందిని 11 నుంచి 13 వారాల మధ్య జల్లెడ పట్టి, ప్రమాదం ఎక్కువున్న వాళ్ళని తీసుకుని లాటరీ తీసినట్టు సగం మందికి 150 ఎంజీ ఆస్పిరిన్, సగం మందికి అచ్చం అలాగే కనపడే ఉత్త మాత్ర ఇచ్చారు. ఎవరిది ఏదో తల్లికీ తెలీదు డాక్టరుకీ తెలీదు. రాత్రిపూట, 36 వారాల దాకా. మీ చీటీలో ఉన్నది అక్షరాలా అదే. 37 వారాల్లోపు కాన్పు చేయాల్సి వచ్చేంత ప్రీఎక్లాంప్సియా ఉత్త మాత్ర వేసుకున్న 822 మందిలో 35 మందికి వచ్చింది, ఆస్పిరిన్ వేసుకున్న 798 మందిలో 13 మందికి. 4.3 శాతం నుంచి 1.6 శాతానికి. నెలలు నిండాక వచ్చే రకాన్ని మాత్రం అది పెద్దగా ఆపలేదు, అది కూడా చెప్పాలి.

బావగారూ, వ్యాపారం సంగతి. ఈ మాత్ర రూపాయో అరో, పేటెంట్ ఎప్పుడో పోయింది, దీని మీద ఏ కంపెనీకీ పెద్ద లాభం లేదు. అందుకే ఆ ట్రయల్‌కి డబ్బు యూరోపియన్ యూనియన్‌దీ ఒక ఫౌండేషన్‌దీ.

తొలిచూలు_గాజువాక · రాత్రి 11:59
చాలా థాంక్స్ అండి, రెండుసార్లు చదివా. మరి రక్తం పల్చబడడం నిజమేనా, కాన్పులో బ్లీడింగ్ ఎక్కువవుతుందేమో అని ఆవిడ భయం.

పేపర్లు_చదివేవాడు · రాత్రి 12:10
ఆవిడ భయం అర్థం లేనిదేం కాదు. ఆస్పిరిన్ ప్లేట్‌లెట్లని కాస్త మందగింపజేస్తుంది, పని చేసేది కూడా ఆ దారిలోనే. అందుకే 36 వారాలకి ఆపేయమంటారు, కాన్పు నాటికి కొత్త ప్లేట్‌లెట్లు తయారవుతాయి, వాటి ఆయుష్షు ఓ పది రోజులే. అల్సర్ ఉన్నా, ఆస్పిరిన్ పడక ఆయాసం వచ్చే రకమైనా, ఇప్పుడు ఎర్రమరకలు కనపడుతున్నా మేడమ్‌కి తప్పకుండా చెప్పాలి. ఇంకోటి, ప్రతి గర్భిణికీ ఇది ఇవ్వరు. ఇంతకుముందు ప్రీఎక్లాంప్సియా, కవలలు, ముందే బీపీ షుగర్, కిడ్నీ జబ్బు ఇలాంటివి ఒక్కటున్నా చాలు, లేదంటే తొలిచూలు, అమ్మకో అక్కకో వచ్చి ఉండడం, 35 దాటడం, బరువు, ఐవీఎఫ్ ఇలాంటివి రెండు కలవాలి. మీకు తొలిచూలూ ఉంది, అమ్మా ఉంది.

అక్కయ్యపాలెం_బామ్మ · బుధవారం ఉదయం 6:15
ఓలమ్మా రాత్రి పన్నెండింటికి కూడా ఈ కబుర్లేటి, కడుపుతో ఉన్న పిల్ల పడుకోవాలి గదా. మా రోజుల్లో దీన్ని గుర్రపువాతం అనీవోరు. మా చెల్లెలికి వచ్చింది, తొమ్మిదో నెల, తలనొప్పి అంది, కళ్ళు మసకలంది, గాలి సోకిందని తాయెత్తు కట్టించాం, తెల్లారేసరికి ఫిట్స్. పిల్లా లేదు తల్లీ లేదు. నా పెద్దకొడుకు పుట్టింది ఘోషాసుపత్రిలో, అక్కడ నర్సమ్మ కాళ్ళు నొక్కి చూసి ఉప్పు మానెయ్యమంది, మూడు నెల్లు చప్పిడి కూడు తిన్నాను. మందులూ మాకులూ ఎందుకమ్మా, ఉప్పు మానెయ్యమనండి చాలు.

నైట్‌డ్యూటీ_సిస్టర్ · ఉదయం 7:50
ఇప్పుడే డ్యూటీ దిగి ఆటోలో టైప్ చేస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి. బామ్మగారూ మీ చెల్లెలి సంగతి చదివి గుండె పిండేసినట్టయింది, అలాంటివి లేబర్ రూములో నేనూ చూశా. కానీ ఉప్పు మానేస్తే ప్రీఎక్లాంప్సియా ఆగదండి, డబ్ల్యూహెచ్‌ఓ వాళ్ళు 2011లోనే దీనికోసం ఉప్పు తగ్గించమనొద్దని రాసేశారు. ఊరగాయలు, అప్పడాలు మితంగా తినడం అందరికీ మంచిదే గానీ చప్పిడి కూడు తినక్కర్లేదు. మీరు చెప్పిన తలనొప్పి, కళ్ళు మసకలు మటుకు బంగారం లాంటి మాటలు. దానికి తోడు పొట్ట పైభాగంలో కుడివైపు నొప్పి, మొహం ఉబ్బడం, యూరిన్ తగ్గడం. ఇవొస్తే ఎండాకాలం వేడి చేసింది అని మజ్జిగ తాగి కూర్చోకండి, బీపీ చూపించుకోండి. 140/90 దాటితే లెక్కలోకి వచ్చినట్టు, 160/110 దాటితే అది ఎమర్జెన్సీ.

గుర్రపువాతానికి ఇప్పుడు మా దగ్గర మెగ్‌సల్ఫ్ ఉంది. మెగ్నీషియం సల్ఫేట్. 4 గ్రాములు నరానికి మెల్లగా, రెండు పిర్రలకీ 5 గ్రాముల చొప్పున, ఇది లోడింగ్ డోసు, చాలా మంటగా ఉంటుంది పాపం. తర్వాత గంటగంటకీ మోకాలి మీద సుత్తితో కొట్టి చూస్తాం, కాలు ఎగరాలి, ఎగరకపోతే మందు ఎక్కువైనట్టు. చూసేవాళ్ళకి వింతగా ఉంటుంది, ఒక తాతగారైతే పిల్ల నొప్పులు పడతంటే కాళ్ళ మీద కొడతావేటి అని నా మీదకొచ్చేశాడు.

పేపర్లు_చదివేవాడు · ఉదయం 8:20
సిస్టర్ చెప్పినదానికి ఆధారం మ్యాగ్‌పై ట్రయల్, 2002. 33 దేశాల్లో పదివేల మందికి పైగా. మెగ్‌సల్ఫ్ ఇస్తే ఫిట్స్ వచ్చే ప్రమాదం సగానికి పైగా తగ్గింది. అంతకుముందు దశాబ్దాల తరబడి ఒక్కో దేశంలో ఒక్కో మందు వాడేవారు, ఎవరి నమ్మకం వాళ్ళది.

కొండమీద_ఏఎన్ఎం · ఉదయం 9:30
పాడేరు వైపు పనిచేస్తాను, మాకు ఇక్కడ సిగ్నల్ ఉన్నప్పుడే మాటలు. మెగ్‌సల్ఫ్ మొదటి డోసు, రెండు పిర్రలకీ ఇచ్చేది, మేము కూడా ఇచ్చి పంపొచ్చు, ట్రైనింగ్‌లో నేర్పారు. వర్షాకాలం వాగు పొంగితే డోలీలో మోసుకురావాలి, రోడ్డు మీదకొచ్చాక అంబులెన్సు, అక్కణ్ణుంచి వైజాగ్ అంటే ఘాట్ రోడ్డు. ఆ మూడునాలుగు గంటలు ఆ ఇంజెక్షనే కాపలా. ఇంకో బాధ ఏంటంటే నరానికి పంపులు పెట్టి ఎక్కించే బీపీ మందులు మా దగ్గర కుదరవు, ఒక్కోసారి సైన్యం లేని కోట లాగ ఉంటాది మా పని. నోటి మాత్రలతో తగ్గుతుందా అని ఎప్పుడూ డౌటే.

పేపర్లు_చదివేవాడు · ఉదయం 10:05
మేడమ్ మీ డౌటుకే నాగపూర్‌లో జవాబు దొరికింది, 2019లో లాన్సెట్‌లో వేశారు. అక్కడ రెండు ప్రభుత్వ ఆసుపత్రుల్లో బీపీ 160/110 దాటిన 894 మంది గర్భిణులకి మూడే మూడు నోటి మాత్రలు పోల్చి చూశారు, నిఫెడిపిన్, లాబెటలాల్, మిథైల్‌డోపా. ఆరు గంటల్లో, వేరే ఇబ్బంది రాకుండా, బీపీ అదుపులోకి వచ్చింది నిఫెడిపిన్‌తో 84 శాతం మందికి, లాబెటలాల్‌తో 77, మిథైల్‌డోపాతో 76. అంటే మూడూ పనికొస్తాయి, పంపు లేదని చేతులు ముడుచుకోనక్కర్లేదు. నాకు ఇలాంటి ట్రయల్సే ఎక్కువ ఇష్టం, కొత్త మందు కనిపెట్టలేదు, అలమరాలో ఉన్నదాన్నే సరిగ్గా తూచారు.

వాంతుల_రాణి_మధురవాడ · ఉదయం 11:12
దారి మళ్ళిస్తున్నా సారీ. నాకు పదో వారం, నీళ్ళు తాగినా వాంతే, ఇప్పటికి నాలుగు కేజీలు తగ్గా, రెండుసార్లు సెలైన్ ఎక్కించారు. మా తోడికోడలు "అందరికీ వస్తాయమ్మా, నువ్వు మనసులో పెట్టుకుంటున్నావు" అంటుంది. నిజంగా మనసు వల్లేనా ఇది??

పేపర్లు_చదివేవాడు · ఉదయం 11:40
కాదండి. మీ తోడికోడలు గారికి ఇది చదివి వినిపించండి. 2023 డిసెంబర్లో నేచర్ పత్రికలో వచ్చింది, కేంబ్రిడ్జ్ ఒరాహిలీ గారూ, అమెరికాలో మార్లీనా ఫెయ్‌జో గారూ కలిసి చేసిన పని. జీడీఎఫ్15 అనే హార్మోన్ ఉంది, గర్భంలో బిడ్డా మాయా కలిసి దాన్ని బాగా వదుల్తాయి, అది తల్లి రక్తంలోంచి మెదడు అడుగుభాగానికి వెళ్ళి వికారం పుట్టిస్తుంది. చిత్రం ఏంటంటే, నెల తప్పకముందు ఒంట్లో ఆ హార్మోన్ తక్కువగా ఉన్నవాళ్ళకే వాంతులు ఎక్కువ, అలవాటు లేని ఒంటికి ఒక్కసారిగా మోత మోగినట్టు. బీటా తలసీమియా ఉన్నవాళ్ళ ఒంట్లో అది ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది, వాళ్ళకి వేవిళ్ళు చాలా తక్కువ. కాబట్టి ముందునుంచే ఒంటికి అలవాటు చేస్తే ఎలా ఉంటుంది అని, దాన్ని పెంచే మెట్‌ఫార్మిన్ లాంటివాటి మీద ఇప్పుడు పరిశోధన జరుగుతోంది, ఇంకా వాడుకలోకి రాలేదు, మీరు కొనేసుకోకండి. ఆ ఫెయ్‌జో గారికి 1999లో ఇదే జబ్బుతో బిడ్డ పోయింది, ఆవిడ బాధని ఆవిడ డాక్టరే నమ్మలేదట. ఆ తర్వాత ఇరవై ఏళ్ళకి పైగా ఇదే పట్టుకుని కూర్చున్నారు.

వాంతుల_రాణి_మధురవాడ · ఉదయం 11:44
ఏడుపొచ్చింది నాకు ఇది చదివి. స్క్రీన్‌షాట్ ఫ్యామిలీ గ్రూపులో పెట్టేశా.

నైట్‌డ్యూటీ_సిస్టర్ · మధ్యాహ్నం 3:30
రాణిగారూ నాలుగు కేజీలు అంటే తక్కువ కాదు, యూరిన్ ముదురు రంగులో వస్తున్నా, లేస్తే కళ్ళు తిరుగుతున్నా మళ్ళీ వెళ్ళి అడ్మిట్ అవ్వండి, మొహమాటపడకండి.

మోడరేటర్ · సాయంత్రం 5:00
గమనిక: ఇక్కడ అనుభవాలు, చదివినవి రాసుకోవచ్చు, ఎవరి డోసు ఎవరూ మార్చొద్దు. పీసీఓడీకి ఎకోస్ప్రిన్ పనిచేస్తుందా అని అడిగిన సీతమ్మధార సభ్యురాలికి, అది వేరే విషయం, వేరే చర్చ తెరవండి. బొప్పాయి గురించి వచ్చిన పదకొండు మెసేజీలు కూడా అక్కడికే తరలించాం.

తొలిచూలు_గాజువాక · ఆ శనివారం రాత్రి
అప్‌డేట్: మా అత్తగారికి ఆ 35, 13 లెక్క కాయితం మీద రాసి చూపించా, సీతారామ కల్యాణం చీటీలాగ మడిచి పర్సులో పెట్టుకుని మళ్ళీ షాపాయన దగ్గరకెళ్ళారు. ఏం మాట్లాడుకున్నారో తెలీదు. స్ట్రిప్పు మాత్రం ఫ్రిజ్ మీంచి డైనింగ్ టేబుల్ మీదకి దిగింది. ఇంకో డౌటు, కాల్షియం రెండు పూటలా, ఐరన్ ఒకటి, ఇప్పుడు ఇది, మాత్రలతోనే కడుపు నిండిపోతోంది. కాల్షియం ఒకటి తగ్గించుకోవచ్చా?

పేపర్లు_చదివేవాడు · ఆదివారం ఉదయం
కాల్షియం కూడా ఎముకల కోసం ఒక్కటే కాదు, తిండిలో కాల్షియం తక్కువున్న మనలాంటి చోట ప్రీఎక్లాంప్సియాని తగ్గిస్తుందనే ఇస్తారు. డబ్ల్యూహెచ్‌ఓ లెక్క రోజుకి 1.5 నుంచి 2 గ్రాములు, అంటే మూడునాలుగు మాత్రలు. మన దేశంలో 500 ఎంజీవి రెండు ఇస్తున్నారు. అన్ని మింగలేక జనం మానేస్తున్నారని బెంగళూరులోనూ టాంజానియాలోనూ చెరో 11 వేల మంది తొలిచూలు వాళ్ళకి 500 ఎంజీ ఒక్కటి, 1500 ఎంజీ పోల్చి చూశారు, 2024 జనవరిలో ఫలితాలొచ్చాయి. బెంగళూరులో ప్రీఎక్లాంప్సియా 500 వాళ్ళలో 3 శాతం, 1500 వాళ్ళలో 3.6 శాతం. అంటే ఒక్క మాత్రా తీసిపోలేదు. ఇది చూపించి మీ మేడమ్‌నే అడగండి, మీరే తగ్గించేసుకోకండి.

నైట్‌డ్యూటీ_సిస్టర్ · ఆదివారం మధ్యాహ్నం
ఐరన్, కాల్షియం ఒకేసారి మింగేయకండి, ఒకదాన్నొకటి పీల్చుకోనివ్వవు. ఐరన్ నిమ్మరసంతోనో జామకాయతోనో, టీ కాఫీలకి గంటన్నర దూరంగా. నల్లగా విరోచనం అయితే కంగారు పడకండి, అది ఐరనే.

*నాలుగు నెలల తర్వాత*

తొలిచూలు_గాజువాక · గురువారం రాత్రి 9:20
నన్ను గుర్తుందా. 31 వారాలు. ఒక్క రాత్రి కూడా మానకుండా వేసుకున్నా ఎకోస్ప్రిన్. ఈరోజు చెకప్‌లో బీపీ 146/94, కూర్చోబెట్టి మళ్ళీ చూస్తే 144/92. ప్రొటీన్ లేదు, రక్తపరీక్షలు బావున్నాయి. లాబెటలాల్ 100 రెండు పూటలా రాశారు, ఇంట్లో బీపీ మెషిన్ కొనుక్కోమన్నారు. మా అత్తగారు ఏమీ అనలేదు, ఆ ఏమీ అనకపోవడమే నాకు ఎక్కువైంది. ఇన్నాళ్ళూ వేసుకుని ఏం లాభం చెప్పండి.

కంచరపాలెం_బావ · రాత్రి 9:26
నేను ముందే చెప్పా కదా

ఎంవీపీ_ఇద్దరు_పిల్లల_తల్లి · రాత్రి 9:27
బావగారూ మీరు కాసేపు బీచ్‌కి వెళ్ళి ముంత మసాలా తిని రండి.

పేపర్లు_చదివేవాడు · రాత్రి 10:02
అమ్మా, ఆ 798 మందిలో 13 మంది ఉన్నారు కదా, వాళ్ళూ వేసుకున్నవాళ్ళే. ప్రమాదం తగ్గుతుందే గానీ సున్నా అవదు. పైగా మీకు ఇప్పుడున్నది బీపీ ఒక్కటే, ప్రొటీన్ లేదు, లివరూ కిడ్నీలూ బావున్నాయి, దీన్ని ప్రీఎక్లాంప్సియా అనరు. మీ అమ్మగారికి ఎనిమిదో నెలలోనే కాన్పు చేయాల్సి వచ్చింది. వేసుకోకపోతే మీకేమయ్యేదో ఎవరూ చెప్పలేరు, నేను కూడా చెప్పను. ఒక మనిషి విషయంలో మందు పనిచేసిందా లేదా అనేది కనపడదు, వేలమందిని పక్కపక్కన నిలబెడితేనే కనపడుతుంది, ఈ ట్రయల్స్‌తో వచ్చిన తంటా అదే, మనసుకి ఆనవు.

మేడమ్‌కి అనుమానం పెరిగితే రక్తంలో ఎస్ఎఫ్ఎల్‌టీ, పీఎల్‌జీఎఫ్ అని రెండు ప్రొటీన్ల నిష్పత్తి చూసే పరీక్ష ఉంది, 2016 నుంచి గట్టి ఆధారం ఉంది దానికి, అది 38 లోపు వస్తే వచ్చే వారం రోజుల్లో ప్రీఎక్లాంప్సియా వచ్చే అవకాశం చాలా తక్కువ. ఖర్చెక్కువ, అందరికీ అక్కర్లేదు.

అక్కయ్యపాలెం_బామ్మ · శుక్రవారం ఉదయం 5:50
పాపా భయపడకు. మిషను కొన్నావా లేదా ముందు అది చెప్పు. మా చెల్లెలికి ఆ మిషనే ఉంటే ఎంత బావుణ్ణు. పొద్దున్న లేచి, కాఫీ తాక్కముందు, కుర్చీకి ఆనుకుని కూకుని చూసుకో. కాళ్ళు కింద ఆనాలి, మడిచి కూకోకు. మా మనవడు నాకు ఇలగే నేర్పాడు.

నైట్‌డ్యూటీ_సిస్టర్ · ఉదయం 8:05
బామ్మగారు మా హెడ్ సిస్టర్ కంటే బాగా చెప్పారు. ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చుని చూడాలి, పట్టీ గుండె ఎత్తులో ఉండాలి, పుస్తకంలో రాసుకోండి.

తొలిచూలు_గాజువాక · 36వ వారం, సోమవారం
ఆస్పిరిన్ ఆపించేశారు. బీపీ 130ల్లో, అప్పుడప్పుడు 142. 37 నిండాక అడ్మిట్ అవ్వమన్నారు, నొప్పులకి మందు పెడతారట. ఇప్పుడు కొత్త గొడవ, పంతులుగారు 38న్నర వారాలకి మంచి ముహూర్తం ఉందన్నారట, ఆ రోజు పొద్దున్న ఏడుంబావుకి ఆపరేషన్ చేయించేద్దాం అంటున్నారు మావాళ్ళు. ఆపరేషనే అక్కర్లేదు అంటున్నారు మేడమ్.

నైట్‌డ్యూటీ_సిస్టర్ · సోమవారం రాత్రి
మంచిరోజులు వచ్చాయంటే మా ఓటీ ముందు సింహాచలం చందనోత్సవం క్యూలాగ ఉంటుంది, ఏడుంబావుకి నలుగురు కావాలంటారు, టేబుళ్ళు రెండే. మన రాష్ట్రంలో వందలో 42 కాన్పులు ఆపరేషన్లే అని 2019-21 సర్వేలో వచ్చింది, దేశం మొత్తం మీద 21.5. ముహూర్తాల వాటా ఎంతో సర్వేలో లేదు, మాకు తెలుసు. బీపీ ఉన్న తల్లికి మటుకు ముహూర్తం కోసం పదిరోజులు ఆగడం ఒప్పుకోలేను నేను.

పేపర్లు_చదివేవాడు · సోమవారం రాత్రి
దీనికీ ట్రయల్ ఉంది, హైపిటాట్ అని నెదర్లాండ్స్‌లో, 2009. బీపీగానీ తేలికపాటి ప్రీఎక్లాంప్సియాగానీ ఉన్న 756 మందిలో సగం మందికి 36 వారాలు దాటాక నొప్పులు తెప్పించారు, సగం మందిని కనిపెట్టుకుని ఆగారు. తల్లికి ఇబ్బందులు తెప్పించినవాళ్ళలో 31 శాతం, ఆగినవాళ్ళలో 44 శాతం. నొప్పులు తెప్పిస్తే ఆపరేషన్లు పెరుగుతాయని మనవాళ్ళ భయం కదా, అక్కడ పెరగలేదు, ఆగినవాళ్ళలోనే కాస్త ఎక్కువ. అత్తగారి పర్సులో ఇంకో కాయితానికి చోటుందా?

తొలిచూలు_గాజువాక · సోమవారం రాత్రి
ఉంది 😄 ఆవిడే అడిగారు, మీ పేపర్లాయన ఏమన్నాడు అని.

తొలిచూలు_గాజువాక · తర్వాతి వారం, ఆదివారం
పాప. 2.6 కేజీలు. 37 వారాల 3 రోజులు. మందు పెట్టాక ఇరవై గంటలు నొప్పులు, మామూలు కాన్పే. ఎంత ఏడ్చానో చెప్పలేను, ఇంకెప్పుడూ వద్దనుకున్నా, పాపని గుండెల మీద పెట్టగానే అంతా మర్చిపోయానని అందరూ అంటారు కదా, నేను మర్చిపోలేదు, కానీ పాప బావుంది. పంతులుగారికి పుట్టిన టైమ్ పంపిస్తే ఇదీ మంచిదే అన్నారట. సిస్టర్ గారూ ఒకటి అడగాలి, పాప పుట్టగానే నా కిందకి గీతలున్న సంచీ లాంటి ప్లాస్టిక్ షీట్ తోశారు, ఏంటది?

నైట్‌డ్యూటీ_సిస్టర్ · ఆదివారం సాయంత్రం
కంగ్రాట్స్ తల్లీ!! అది రక్తం కొలిచే సంచీ. మేము ట్రైనింగ్‌లో ఉన్నప్పుడు కంటిచూపుతో, తడిసిన గుడ్డలు లెక్కపెట్టి ఇంత పోయిందనుకునేవాళ్ళం, ఎప్పుడూ తక్కువే అనుకుంటాం, తీరా తల్లి తెల్లబడిపోయాక పరుగులు. ఇలాంటి సంచీ ఒకటి మన పక్క రాష్ట్రం బెళగావి వాళ్ళే పల్లెల్లో పరిశోధన కోసం తయారు చేశారు. 2023లో ఆఫ్రికా నాలుగు దేశాల్లో ఈ-మోటివ్ అని రెండు లక్షల మందికి పైగా కాన్పుల మీద చూశారు, సంచీతో కొలవడం, గీత దాటగానే పొట్ట మర్దన, ఆక్సిటోసిన్, ట్రానెక్సామిక్ యాసిడ్, సెలైన్, ఎక్కణ్ణుంచి వస్తోందో పరీక్ష, అన్నీ ఒకదాని తర్వాత ఒకటి కాకుండా ఒకేసారి మొదలుపెట్టడం. తీవ్రమైన రక్తస్రావం, దానివల్ల వచ్చే ఆపరేషన్లు, చావులు కలిపి చూస్తే 60 శాతం తగ్గాయి. ఒక ప్లాస్టిక్ సంచీ అండి, దాన్ని చూసినప్పుడల్లా నాకు పాత కేసులు కొన్ని గుర్తొస్తాయి.

అక్కయ్యపాలెం_బామ్మ · ఆదివారం రాత్రి
మాలచ్చిమి పుట్టింది. చెవుల్లో దూది పెట్టుకో, చన్నీళ్ళు ముట్టుకోకు. పేరేటి పెడతన్నారు?

ఎంవీపీ_ఇద్దరు_పిల్లల_తల్లి · ఆదివారం రాత్రి
కంగ్రాట్స్!! కంచరపాలెం బావగారు కూడా స్వీట్లు అడుగుతున్నారు, పర్సనల్ మెసేజ్‌లో.

నైట్‌డ్యూటీ_సిస్టర్ · ఆదివారం రాత్రి 11:15
పుట్టిన సంబరంలో అందరూ మర్చిపోయేది ఒకటుంది. బీపీ కాన్పుతో పోదు, మూడో రోజు నుంచి ఆరో రోజు మధ్యే ఎక్కువగా పెరుగుతుంది, అప్పటికి డిశ్చార్జ్ అయిపోయి ఇంట్లో ఉంటారు. ఆక్స్‌ఫర్డ్‌లో 220 మంది బాలింతలతో చేసిన ట్రయల్ 2023లో వచ్చింది, ఇంట్లో రోజూ చూసుకుంటూ ఉంటే దాన్నిబట్టి డాక్టర్లు మందు సర్దినవాళ్ళకి తొమ్మిది నెలల తర్వాత కూడా కింది నంబరు దాదాపు 6 తక్కువ. నీకు ఈరోజు ఎన్నో రోజు? బీపీ ఎంతుంది, అది రాయలేదు.

తొలిచూలు_గాజువాక · ఆదివారం రాత్రి 11:31
నాలుగో రోజు. మెషిన్ ఇంకా హాస్పిటల్ బ్యాగులోనే ఉండిపోయింది, మా అత్తగారు లేచి తీసిచ్చారు. 148/96. మేడమ్‌కి ఫోన్ చేస్తున్నా.